తాతగారి నాటి కాగు

జమీందారు జగ్గారాయుడికి తన కాలంలో చేసిన వస్తువేదీ నచ్చేది కాదు. ఒకనాడు వంటింట్లో కొత్త కాగు పగిలి నీళ్లన్నీ పారాయి. ఆయన దాన్ని చేసిన కుమ్మరి పోలయ్యను పిలిపించి, కొట్టుగదిలో ఉన్న పాత కాగు చూపించాడు.

“ఇది మా తాతగారికి మీ తాత చేసిచ్చింది. అరవై ఏళ్లయినా చెక్కుచెదరలేదు. అప్పటివాళ్లకు పనిమీద భయభక్తులుండేవి. నువ్వు రేపే ఊరు విడిచిపో. పొరుగూరి కుమ్మరిని తెచ్చుకుంటాను.”

పోలయ్య కాగు మెడకింద తడిమాడు. వాళ్ల తాత ప్రతి కాగుకూ అక్కడ మూడు గోటిగాట్లు పెట్టేవాడు. దీనికీ ఉన్నాయి.

“అలాగే పోతాను దొరా. ముందు మీ పెరటి పెంటదిబ్బను ఒక పూట తవ్వుకోనివ్వండి.”

దొర సరేనన్నాడు. మధ్యాహ్నానికి పోలయ్య మూడు గంపల పెంకులు తెచ్చి ఆయన ముందు పోశాడు. మెడ పెంకుల్లో దాదాపు అన్నిటి మీదా మూడు గాట్లే.

“ఈ మూడు గాట్లు మా తాత గుర్తు. ఇవీ ఆ కాలం కాగులే దొరా. పగలనిది మాత్రం మీ కొట్టులో మిగిలింది.”

దొర చాలాసేపు పెంకులు తిరగేశాడు.

“ఇన్ని పగిలితే మా తాతగారు మీ తాతను ఏమీ అనలేదా?”

“అనకేం దొరా. పగిలినప్పుడల్లా పిలిపించి, తన తాతలనాటి కాగు చూపించేవారట.”

“ఆ కాగేదీ?”

పోలయ్య కుప్పలోంచి ఒక పెంకు ఏరి ఆయన చేతిలో పెట్టాడు.

“ఇదే అయ్యుంటుంది దొరా. మా తాతకు ముందువాళ్లు నాలుగు గాట్లు పెట్టేవారు.”

జగ్గారాయుడు గాట్లు లెక్కపెట్టుకుని పెంకును కుప్పలో పడేశాడు. కొత్త కాగు ఎప్పటికి తెస్తావని అడిగాడు.