తలుపు తీసిన పోలయ్య

మా తాతలకు వాళ్ళ తాతలు చెప్పిన సంగతి ఇది. తెల్లదొరలు ఏలే కాలం. సముద్రం ఒడ్డున ఒక జైలు. ఆ జైలు తలుపుకు కాపలా గొర్లె పోలయ్య.

పోలయ్య తనంతట తానే పేరిచ్చి దొరల యుద్ధానికి వెళ్ళినవాడు. సముద్రం దాటినందుకు ఒక పతకం. తూటా తిన్నందుకు ఒక పతకం. తిరిగొచ్చి జైల్లో నమ్మకంగా పనిచేసినందుకు ఇంకో పతకం. మూడూ చొక్కా మీదే ఉండేవి. చూసినవాళ్ళకు భయం, పోలయ్యకు ప్రాణం.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పడమటి గాలి విసిరికొడుతోంది. జైలు గోడ పక్కనే నేతగాళ్ళ పేట, అన్నీ తాటాకిళ్ళే. ఒక ఇంటికి నిప్పంటుకుంది. మగవాళ్ళంతా సంతకు పోయారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు గొల్లున ఏడుస్తున్నారు.

జైలు దొర వేటకెళ్ళాడు. దొర మాట లేకుండా తలుపు తీస్తే, తీసినవాడే లోపలికి పోవాలి. అది చట్టం.

దారిదోపిడీ చేసి జైలుకొచ్చిన దాలయ్య ఊచలు పట్టుకుని అడిగాడు. "తలుపు తీయి బావూ. దొర వచ్చేలోపు ఆర్పేసి వచ్చేస్తాం."

పోలయ్య దొర వెళ్ళిన దారికేసి చూశాడు. మంట పక్కింటికి పాకింది.

"తలుపు తీయి బావూ."

పోలయ్య తాళంచెవి గట్టిగా పట్టుకున్నాడు. మంట వీధి దాటింది.

"తలుపు తీయి బావూ."

"మీరు రాకపోతే?"

"రాకపోతే నువ్వు లోపలికి పోతావు. మాకు తెల్దా?"

పోలయ్య తలుపు తీశాడు.

ఖైదీలు పరుగెత్తారు. మంటకు ముందున్న ఇళ్ళ కప్పులు పీకేశారు. ఇసుక పోశారు, నీళ్ళు పోశారు, పిల్లల్ని మోసుకొచ్చారు. పొద్దు వాలేసరికి మంట చచ్చింది. చేతులు బొబ్బలెక్కి ఒకరి వెనక ఒకరు జైలుకు తిరిగొచ్చారు. దాలయ్య మాత్రం రాలేదు.

అంతలో దొర వచ్చాడు. ఖైదీల్ని లెక్కపెట్టి, దాలయ్యేడీ అన్నాడు. వస్తాడండి అన్నాడు పోలయ్య. కాసేపాగి దొర మళ్ళీ అడిగాడు. వస్తాడండి. మూడోసారీ అడిగాడు. పోలయ్య అదే మాట అన్నాడు. దొర చెయ్యి చాపకముందే మూడు పతకాలూ తానే విప్పి బల్ల మీద పెట్టాడు.

అప్పుడు కనిపించాడు, ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ దాలయ్య. వచ్చి పోలయ్య ముందు తల వంచుకున్నాడు.

"పారిపోయాను బావూ. ఏరు దాటేశాను. అవతల గట్టెక్కాక కాళ్ళు సాగలేదు."

చట్టం చట్టమే అన్నాడు దొర. దాలయ్య లోపలికి నడిచాడు. వెనకే పోలయ్యా నడిచాడు.

ఆ వానాకాలమే పోలయ్య లోపల జ్వరంతో పోయాడు. నేతగాళ్ళు శవాన్ని అడిగి తెచ్చుకుని తమ పేట చివర మట్టి చేశారు. పతకాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇప్పటికీ ఆ పేటలో కప్పు నేసేటప్పుడు మొదటి తాటాకు పోలయ్య పేరు చెప్పే వేస్తారు. మాటిచ్చినవాడు ఆలస్యం చేస్తే, ఎదురుచూసేవాళ్ళకు పెద్దవాళ్ళు ఒకటే చెబుతారు: "తలుపు వేయకండర్రా. దాలయ్య రాలేదూ?"