తునిలో వేయించిన రెండు టైర్లు

ఏ కంపెనీ టైరు మంచిదో నేను ఇక్కడ చెప్పబోవడం లేదు. ఆ కారు ఎవరు తయారు చేసినదో, శ్రీవత్స దాని మీద ఎంత వెచ్చించాడో కూడా చెప్పను. విజయనగరంలో కచేరీ ఏర్పాటు చేసిన సభ పేరు అడగవద్దు. భీమశంకరం గారి గొంతును గురించి వైద్యులు ఏమన్నారన్నది వారి కుటుంబ విషయం. దాని జోలికి పోను. ఇవన్నీ తీసివేయగా మిగిలేది చిన్న సంగతి. దానిని జరిగినది జరిగినట్టు రాస్తాను.

భీమశంకరం గారు పిఠాపురంలో సంగీతం చెప్పేవారు. నేను కళాశాలలో సంస్కృతం చెప్పి, సాయంకాలాలు వారి ఇంట తంబురా మీటేవాణ్ణి. గాత్రం నాకు అబ్బలేదు. వారి శిష్యులందరిలో పూర్తిగా అబ్బినవాడు శ్రీవత్స. నడివయసు రాకముందే దేశంలోని పెద్ద సభలన్నింటిలో పాడాడు. "మా శ్రీవత్స" అని చెప్పుకోవడంలో ఊరికి గర్వం ఉండేది. నాకూ ఉండేది. గురువుగారికి ఉండేదో లేదో వారెన్నడూ బయటపెట్టలేదు.

ఆ ఏడు శ్రావణంలో విజయనగరం సభవారు గురువుగారి కచేరీ పెట్టారు. ఇదే తమ చివరి కచేరీ అని వారు ముందే ప్రకటించారు. శ్రీవత్సను పిలిపించి ఒకే మాట చెప్పారు.

"విజయనగరంలో నువ్వు నా వెనక పాడాలి."

వెనక పాడటమంటే, ప్రధాన గాయకుడికి కాస్త వెనగ్గా కూర్చుని గొంతు కలపడం. ఆయన ఊపిరి తీసుకునేచోట పాట తెగకుండా పట్టుకోవడం. అది ఇంకా నేర్చుకుంటున్న శిష్యుల పని. శ్రీవత్స ఆ పని ఎన్నడో దాటి వచ్చాడు. గురువుగారి మాట అతడికి శిక్షలా తోచింది.

గురువుగారి గొంతు సంగతి మా ముగ్గురికీ తెలుసు. మధ్యస్థాయిలో అది అప్పటికీ చెక్కుచెదరలేదు. పైకి వెళ్లేసరికి మాత్రం ఉన్నట్టుండి తెగిపోయేది. గురువుగారు ఆ మాట నోటితో అనరు. ఆజ్ఞాపించడం వారికి తెలుసు, సాయమడగడం తెలియదు.

ప్రయాణం రోజు ఉదయం శ్రీవత్స తన ఆలోచన చెప్పాడు.

"గురువుగారూ, మీరు వేదిక మీద వెనక దిండుకు ఆనుకుని ప్రశాంతంగా కూర్చోండి. ఒక కీర్తన పాడి ఆశీర్వదించండి. మిగిలినదంతా ముందు కూర్చుని నేను చూసుకుంటాను. మీకు శ్రమ ఉండదు."

"కచేరీ ఎవరిదిరా?"

"మీదే. కాని ఇన్నేళ్ల తరవాత నేను వెనక కూర్చుంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?"

"టిక్కెట్లు కొని వస్తారా వాళ్లు?"

"ప్రవేశం ఉచితమే, గురువుగారూ."

"అయితే ఏమైనా అనుకోనీ. నీకిష్టం లేకపోతే చెప్పు. నేనొక్కణ్ణే పాడుకుంటాను."

ఒక్కరే పాడితే ఏమవుతుందో ఊహించుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. వారు మొదటి కచేరీ చేసినదీ విజయనగరంలో ఆ సభామందిరంలోనే. గొంతు అక్కడే, ఆ జనం ముందే తెగుతుంది. శ్రీవత్స అవుననలేదు, కాదనలేదు. "కారు సిద్ధంగా ఉంది" అని మాత్రం అన్నాడు.

ఆ కారు వేగం కోసం పుట్టినది. ఎర్రగా, నేలకు అంటుకున్నట్టు ఉండేది. శ్రీవత్స వెనక సీటు మీద పట్టు శాలువా పరిచి, తలుపు తెరిచి నిలబడ్డాడు. గురువుగారు మోకాలు పట్టుకుని మూలుగుతూ దిగబడ్డారు.

"ఇది కారెక్కడం కాదురా, నూతిలో దిగడం."

వారి పక్కన నేను, నా ఒడిలో తంబురా. పెద్దలు వెనక, నడిపేవాడు ముందు. మన దేశంలో మర్యాద అదే కదా.

కత్తిపూడి దగ్గర హైవే ఎక్కేసరికి వాన పట్టుకుంది. నీరు నిలిచినచోట కారు ముందు భాగం ఒక క్షణం తేలినట్టయింది. శ్రీవత్స వేగం తగ్గించాడు.

"ముందు టైర్లు అరిగిపోయాయి, గురువుగారూ. తునిలో ఆగి మార్పిద్దాం."

తునిలో టైర్ల కొట్టు యజమాని తాతాజీ అనే భారీ మనిషి. కారును చూడగానే ఎదురొచ్చి, గురువుగారికి స్టూలు వేయించి, ఒకే రకం టైర్లు నాలుగు దొర్లించుకొచ్చాడు.

"ఇవి వేయించుకోండి సార్. చప్పుడుండదు, ఓ పట్టాన అరగవు. పెద్దాయన హాయిగా నిద్రపోవచ్చండి."

శ్రీవత్స వాటిని ముట్టుకోలేదు. "తాతాజీ గారూ, మీరు ఈ కారును చూశారా?"

"చూడకుండా ఎలాగండి? సగం కొట్టు అదే ఆక్రమించిందిగా."

"దీనికి ఇవి వేస్తే గుర్రానికి చెప్పులు తొడిగినట్టుంటుంది."

అతడికి కావలసినవి వేరు. వెడల్పైనవి, మెత్తని రబ్బరువి, మలుపులో నేలను వదలనివి; కారుతో వచ్చినవి ఏ రకమో సరిగ్గా అదే రకం. తాతాజీ లోపలికి వెళ్లి చాలాసేపు వెతికి అటువంటివి రెండు మాత్రం తెచ్చాడు. మిగిలిన రెండు తెప్పించాలంటే వారం పడుతుందన్నాడు.

"రెండు చాలు" అన్నాడు శ్రీవత్స.

ఒక్కొక్కదానినీ పరీక్షించాడు. పక్కన అచ్చుపోసిన అంకెలు చదివి ఎప్పటి సరుకో తెలుసుకున్నాడు. గాట్లలో వేలు పెట్టి లోతు చూశాడు. రబ్బరును గోటితో నొక్కాడు. చివరికి అరచేత్తో తట్టి విన్నాడు.

గురువుగారు అప్పటికి నోరు విప్పారు. "శ్రుతి కలిసిందట్రా?"

తాతాజీ నవ్వాడు. శ్రీవత్స నవ్వలేదు. "ఈ కారుకు తగినవి ఇవే, గురువుగారూ."

"బాగానే ఎంచావు. ఎక్కడ వేయిస్తావు?"

ఆ ప్రశ్న అతడికి వింతగా తోచింది. "ముందే కదా! ఇంజను తిప్పేది ముందు చక్రాలను. స్టీరింగు మాట వినేది అవి. బ్రేకు వేస్తే బరువు మోసేది అవి. పనంతా వాటిదే. వెనకవి ఊరికే వెంట వస్తాయి."

"ఆయ్, అందరూ అలాగే వేయించుకుంటారండి" అన్నాడు తాతాజీ.

"వెనకవి ఊరికే వెంట వస్తాయి" అని గురువుగారు నెమ్మదిగా తిరిగి పలికారు, కొత్త పల్లవి నోట పట్టించుకుంటున్నట్టు.

టైర్లు ఎక్కాయి. గాలి నిండింది. కారు జాకీ దిగింది. శ్రీవత్స చేతులు కడుక్కుని, వెనక సీటు మీది శాలువా సరిచేసి, తలుపు తెరిచి పట్టుకున్నాడు. గురువుగారు ఆ తలుపు దాటి నడిచారు. ముందు తలుపు తామే తెరుచుకుని, మూలుగుతూ దిగబడి, సీటు బెల్టు కూడా పెట్టుకున్నారు.

"గురువుగారూ! మీ చోటు వెనక."

"కొత్తవి ఎక్కడున్నాయి?"

"ముందు."

"అయితే నేనూ ముందే."

"మరి వెనక?"

"మాస్టారు ఉన్నారుగా. తంబురా ఉంది."

తాతాజీ నా వంక జాలిగా చూశాడు.

"వెనకవి సగమే అరిగాయి, గురువుగారూ. భయమేమీ లేదు."

"లేకపోతే మంచిదే. పోనీ."

శ్రీవత్స తాళం చేత పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. "మిమ్మల్ని డ్రైవరు పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్లోకి ఎలా వెళ్లను? చూసినవాళ్లు…"

"పొద్దుటి నుంచీ చూసేవాళ్ల గొడవే నీకు."

వాన అద్దం మీద ధారలు కడుతోంది. గురువుగారు వాటినే చూస్తూ మాట్లాడారు.

"మా గురువుగారి కారు నేనే నడిపేవాణ్ణి. ఆయన వెనక కూర్చునేవారు. ఒకసారి ఇలాంటి వానలోనే బ్రేకు వేశాను. ముందు చక్రాలు ఆగాయి. వెనకవి ఆగలేదు. కారు వెనక భాగం పక్కనుంచి వచ్చి నన్ను దాటిపోయింది." ఒక్క క్షణం ఆగారు. "ఆయన అందులో ఉన్నారు."

"దెబ్బలు తగిలాయా?"

"లేదు. చేలో ఆగాం." గురువుగారు శిష్యుడి వైపు తిరిగారు. "ముందు జారితే చేతికి తెలుస్తుందిరా. స్టీరింగు చెబుతుంది. వెనక జారితే, నీకు తెలిసేసరికి నీ చేతిలో ఏమీ ఉండదు."

శ్రీవత్స ముందు చక్రాన్ని చూశాడు. వెనక చక్రాన్ని చూశాడు. తెరిచి ఉన్న తలుపులోంచి, తాను పరిచిన శాలువాను చాలాసేపు చూశాడు. అది సరిగ్గా ఆ పాత చక్రం పైన ఉంది.

"తాతాజీ గారూ, కొత్తవి వెనక్కి మార్చండి."

"ఇప్పుడేగా సార్ బిగించింది! నాలుగూ విప్పాలండి."

"విప్పండి."

"ముందు పాతవి పడతాయండి మరి."

"పడనివ్వండి. ముందు జారితే నేను చూసుకుంటాను."

గురువుగారు బెల్టు విప్పి చెయ్యి చాచారు. "అయితే నన్ను పైకి లాగు." శ్రీవత్స లాగాడు. వారు వెనక్కి వెళ్లి తమ చోట కూర్చున్నారు.

ఎలమంచిలి దాటాక ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. శ్రీవత్స బ్రేకు నొక్కాడు. కారు ముక్కు నీటి మీద ఒక పక్కకు జారడం నాకు స్పష్టంగా తెలిసింది. అతడి భుజాలు బిగుసుకున్నాయి. కాలు సడలించాడు, చెయ్యి సరిచేశాడు. ముక్కు మళ్లీ దారికి వచ్చింది. వెనక భాగం గీత గీసినట్టు నిలిచింది. కారు లారీకి చాలా ఎడంగానే ఆగింది.

శ్రీవత్స తల పైని చిన్న అద్దంలోంచి వెనక్కి చూశాడు. గురువుగారు కునుకు తీస్తున్నారు. కన్ను తెరవలేదు.

విజయనగరం చేరేదాకా అతడు కారును నెమ్మదిగానే నడిపాడు.

సభ కార్యదర్శి వేదిక మీద మాకోసం ఎదురుచూస్తున్నాడు. శ్రీవత్సను చూడగానే ముఖం విప్పారింది. "మీ మైకు ఎక్కడ పెట్టమంటారు? మధ్యలోనేగా?"

శ్రీవత్స గురువుగారి ఆసనం వెనక చోటు చూపించాడు. కుర్రవాడొకడు మైకును కాస్త ముందుకు జరిపి పెట్టబోతే ఆపాడు.

"ఇంకొంచెం వెనక్కి."

కార్యదర్శి తెల్లబోయాడు. "అక్కడైతే మీరు జనానికి కనిపించరండీ."

"వారికి వినిపించాలి" అని, శ్రీవత్స గురువుగారి వంక చూపించాడు.

అక్కడ కూర్చున్నాడు. పెద్ద పెద్ద వేదికల మీద, మధ్యలో, పూలమాలలతో అతణ్ణి చాలాసార్లు చూశాను. అంత నిటారుగా, అంత గర్వంగా కూర్చోగా చూసినది ఆ రోజే.

గురువుగారు కాంభోజి రాగం ఎత్తుకున్నారు. మధ్యస్థాయిలో ఆ గొంతు పాత గొంతే. తొందర లేదు, ప్రతి స్వరమూ తన చోట తాను కూర్చుంది. సభ నిశ్శబ్దమైపోయింది. రాగం మెట్టుమెట్టుగా పైకి సాగింది. ఎక్కడ తెగుతుందో నాకు తెలిసిన ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి, వేళ్లు తీగల మీద ఆడుతుండగానే నేను కళ్లు మూసుకున్నాను.

తెగలేదు. తారషడ్జం, ఆ పై స్థాయి 'స', అందింది. అందిన చోట నిలిచింది. ఎంత నిలవాలో అంతా నిలిచి, తనకు తానై దిగివచ్చింది. కళ్లు తెరిచేసరికి గురువుగారు తల పైకెత్తి ఉన్నారు. వెనక శ్రీవత్స తల వంచుకుని ఉన్నాడు. అతడి పెదవులు కదిలాయో లేదో ముందు కూర్చున్నవారికి కనిపించదు.

మంగళం అయ్యాక జనమంతా లేచి నిలబడ్డారు. గురువుగారు ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. లేవబోతూ మాత్రం, చూడకుండానే, ఒక చెయ్యి వెనక్కి చాచారు. శ్రీవత్స చెయ్యి అప్పటికే అక్కడ ఉంది.

దసరా వెళ్లాక విజయనగరం నుంచి శ్రీవత్సకు ఒక ఉత్తరం వచ్చింది. రాసినవారు హైమవతి గారని, ఆ ఊళ్లో సంగీతం చెప్పి విశ్రమించిన పెద్దావిడ. చెవికి పేరుపడిన మనిషి. అతడు దానిని నాకు చదివి వినిపించాడు.

"నాయనా, ఆ రోజు నేను ముందు వరుసలోనే ఉన్నాను. మీ గురువుగారి పాట ఆయన కుర్రతనం నుంచీ విన్నదాన్ని. కాంభోజిలో ఆ తారషడ్జం ఆయనదా, నీదా? నా చెవి నన్ను మోసం చేయదని ఇన్నాళ్లూ మిడిసిపడ్డాను. ఇప్పుడు ఎంత తలుచుకున్నా తేలడం లేదు. ఒక్క ముక్క రాసి పడెయ్యి. ఎవరితోనూ అనను."

శ్రీవత్స ఆ కాగితాన్ని రెండోసారి తనలో తాను చదువుకున్నాడు. మడతల వెంటే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దానికి అతడు జవాబు రాయలేదు.