మడుగు లోతు మీద నక్క నివేదిక

పదో తరగతి నాలుగుసార్లు రాసినవాణ్ణి నేను. ఒకే పుస్తకాన్ని నాలుగేళ్లు చదివినవాడికి పరిశోధన గురించి మాట్లాడే హక్కు ఎంతో కొంత ఉంటుందన్న ధైర్యంతో ఈ కథ చెబుతున్నాను.

మొగలిగుట్ట అడవిని ఏలే సింహానికి పచ్చిమాంసం మీద విరక్తి పుట్టి, కాల్చిన మాంసం రుచి మరిగింది. ఇంకేం, అడవిపంది వరాలయ్య రాజుగారి వంట పేరు చెప్పి బొగ్గుల బట్టీ పెట్టాడు. మడుగు గట్టున ఉన్న మద్దిచెట్లు ఒక్కొక్కటే బట్టీలోకి నడిచాయి. నీడ పోయింది. ఊట సన్నబడింది. ఎండాకాలం మాఘంలోనే వచ్చి పీట వేసుకుని కూర్చుంది.

ఆ మడుగునే నమ్ముకుని బతికేది బర్రె నీలక్క. పూటకోసారి ఒళ్లు తడవకపోతే బర్రె ప్రాణం నిలవదు. చైత్రం వచ్చింది, వానలకి చూస్తే ఇంకా రెండు నెలలుంది.

"బట్టీ ఆపించండి మహారాజా. ఉన్న నాలుగు చెట్లూ కూలిస్తే ఊట చచ్చిపోతుంది, దాని వెనకే నేనూ పోతాను" అని మొరపెట్టుకుంది.

"బర్రెలింతే మహారాజా" అన్నాడు వరాలయ్య. "మేతనీ నెమరేస్తాయి, ఏడుపునీ నెమరేస్తాయి. నిరుడూ ఇదే పాట."

సింహం ఆవలించింది. "పరిశోధన చేయిద్దాం. మడుగు తగ్గిందని తేలితే బట్టీ మూత. తగ్గలేదంటే బర్రె నోరు మూత."

మడుగుని కొలవడానికి ఆ అడవిలో తాతలనాటి పద్ధతి ఒకటుంది. ప్రతి సోమవారం బర్రె ఒడ్డున ఉన్న నల్లబండ పక్కన నీళ్లలో నిలబడాలి. తడి ఎక్కడిదాకా వస్తే అదే లోతు. ఎంత ఎండాకాలమైనా మెడలోతు కంటే తగ్గిన గుర్తు ఎవరికీ లేదు. ఈసారి లెక్క రాయడానికి నక్క జంబయ్యని వేశారు. ఆయనకి నీళ్ల గురించి ఏం తెలుసని అడక్కండి. మాట్లాడటం తెలుసు.

మొదటి సోమవారం నీలక్క దిగింది. మోకాళ్లు తడిశాయి, అంతే.

మధ్యాహ్నానికల్లా వరాలయ్య నక్కని బట్టీ దగ్గర కూర్చోబెట్టి, నిప్పుల మీద కాల్చిన పీతలు వడ్డించాడు. "తిను అల్లుడూ, మొహమాటపడకు. మోకాళ్లని రాశావో, ఇవే నీకు ఆఖరి పీతలు."

జంబయ్య పీతకాలు చీకుతూ ఆలోచించాడు. "నీళ్లని పెంచడం మనవల్ల కాదు మామా. నిలబడేవాళ్లని మార్చడం అవుతుంది."

మరుసటి సోమవారం నల్లబండ పక్కన మేక నిలబడి ఉంది.

"ఇదేం పని తమ్ముడూ? నా చోట మేకేమిటి?" అంది నీలక్క.

"నీది భారీ శరీరం అక్కా. నువ్వు దిగితే నీళ్లు కంగారుపడతాయి. ఇది కొత్త పద్ధతి, నీకు అర్థం కాదులే."

మేకకి మెడలోతు. ఆ పై వారం కుందేలుని దింపాడు, మెడలోతే. ఆ పై వారం ఉడుత. దానికీ మెడలోతే!

వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం, నల్లబండ మీద కొలువు తీరింది. జంబయ్య నలభై తాటాకుల నివేదిక విప్పి గొంతు సవరించుకున్నాడు. "వారం వారం మెడలోతే. చుక్క తగ్గలేదు. నీలక్కకి ఉన్నది తాపం కాదు, అనుమానం."

"అయితే ఆ నాలుగు చెట్లూ తీసుకో" అంది సింహం. వరాలయ్య కోరలు నూరుకుంటూ లేచాడు.

నీలక్క తొందరపడలేదు, కాసేపు నెమరేసింది. "నేనే పొరపడ్డాను మహారాజా. అన్ని నీళ్లు పెట్టుకుని ఈ బండ మీద మాడటం దేనికి? ఒక్క దూకు దూకండి. ప్రాణం లేచొస్తుంది."

సింహం జూలు విదిల్చి లేచింది.

"వద్దు మహారాజా, జలుబు చేస్తుంది!" అన్నాడు వరాలయ్య.

"వైశాఖంలో జలుబేమిట్రా?" సింహం అంచుదాకా వెళ్లి తొంగిచూసింది. మడుగంతా గుర్రపుడెక్క కమ్మేసింది, కింద ఏముందో కనబడదు. రాజులు ఏ పనీ ముందు తాము చెయ్యరు. "జంబయ్యా, లోతు తెలిసినవాడివి. ముందు నువ్వు."

"నాకివాళ ఉపవాసం మహారాజా."

"ఉపవాసముంటే తినకూడదు గానీ దూకొచ్చు" అంది నీలక్క. "దూకు తమ్ముడూ, మెడలోతే కదా."

నక్క తాటాకులు తడుముకున్నాడు. "ముప్పై తొమ్మిదో ఆకు మూల చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది మహారాజా..."

"చదువు."

"'మెడ అనగా, ఆ వారం దిగినవారి మెడ.'"

"ఆఖరి వారం దిగిందెవరు?"

"ఉడుత" అన్నాడు నక్క, తనకే వినపడనంత మెల్లగా.

సింహం పంజా ఒక్కసారే కదిలింది. జంబయ్య గాల్లో గిరికీ కొట్టి, గుర్రపుడెక్కని చీల్చుకుంటూ తలకిందులుగా బురదలో దిగబడ్డాడు. నాలుగు కాళ్లూ, తోకా మాత్రం ఆకాశానికి మొరపెట్టుకుంటున్నాయి.

నీలక్క దగ్గరికెళ్లి పరీక్షగా చూసింది. "నివేదిక నిజమే మహారాజా. మెడలోతు."

తోక పట్టి లాగింది కూడా ఆవిడే. బట్టీ ఆ పూటే ఆరిపోయింది. వరాలయ్య ఊట చుట్టూ మొక్కల కోసం గోతులు తవ్వుతున్నాడు. ఆ పనిలో మాత్రం పందిని మించినవాడు లేడు. రాజుగారి మాంసం ఇప్పుడు ఎండకి కాగిన రాతిపలక మీద కాలుతోంది. సగం పచ్చిగానే ఉంటుందట గానీ, ఆ మాట పైకి అనేవాడెవడు?

నీతి: కొలబద్దని మార్చి రాజుని నమ్మించొచ్చు గానీ, బురదని నమ్మించలేం.