జాగిలాల వరుసలో

జాగిలాల పోటీ ముగిసిన మర్నాడు తిమ్మప్ప గురువును వెతుక్కుంటూ ఫకీర్లుండే తకియాకు వచ్చాడు. పోటీలో తీర్పు చెప్పినవాడు తనే. అది సరైన తీర్పని గురువు నోటితో ఒక్క మాట అనిపించుకుంటే తప్ప ముద్ద దిగేలా లేదు.

ఏటిగడ్డ సంస్థానంలో ఆ పోటీ అంటే మాటలు కాదు. చలికాలం వచ్చిందంటే రాయచూరు వైపు నుంచి, బళ్లారి వైపు నుంచి, నల్లమల అంచుల నుంచి వేట జాగిలాలన్నీ కృష్ణ ఒడ్డు ఇసుకలోకి చేరేవి. పెళ్లికి పిలవకపోయినా సర్దుకుపోయే మనుషులు, పోటీకి పిలవకపోతే మాత్రం మళ్లీ ఆ ఇంటి గడప తొక్కేవాళ్లు కాదు. గెలిచిన జాగిలం యజమానికి రాజావారి గడ్డి కంచెలో ఏడాదిపాటు మందను మేపుకునే హక్కు దక్కుతుంది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కంచెలో తప్ప మరెక్కడా పచ్చగడ్డి పోచ లేదు.

అంతకుముందు ఏళ్ల తరబడి తీర్పు చెప్పింది తిమ్మప్ప గురువు జమాల్ షా. ఫకీరు కాకముందు ఆయన నవాబుల కొలువులో జాగిలాలు పెంచాడంటారు. లోకాన్ని వదిలేసి తకియాలో కూర్చున్నా, జాగిలాలు మాత్రం ఆయన్ను వదల్లేదు. ఈసారి ఆయన రాజావారితో, "నేను ఊరికే పక్కన నడుస్తా. చూసేది, చెప్పేది తిమ్మప్పనే," అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి తిమ్మప్పకు సంతోషం తక్కువ, దిగులు ఎక్కువ. గురువు పేరు తన చేతిలో పాడవుతుందేమోనని భయం.

పోటీనాటి పొద్దున ఏటి మీంచి మంచు లేచి ఒడ్డంతా కప్పేసింది. మెడల్లోని మువ్వలు ముందు వినబడేవి, ఆ తర్వాత ఎప్పటికో జాగిలం కనబడేది. పరుగు పెట్టించినప్పుడు అవి మంచులోకి పోయి మంచులోంచే పుట్టి వచ్చినట్టుండేది. కాళ్లు ఇసుకను తాకుతున్నాయో లేదో తెలిసేది కాదు. చూస్తున్న జనం కూడా గొంతు తగ్గించి మాట్లాడారు. తిమ్మప్పకు తాను మేలుకుని ఉన్నాడో, నిద్రలోనే నడుస్తున్నాడో తెలియలేదు. ఆ పొద్దు అట్లాగే ఆగిపోతే బాగుండుననిపించింది.

పరుగులయ్యాక జాగిలాల్ని వరుసలో నిలబెట్టారు. గురువూ శిష్యుడూ ఆ వరుస వెంట నడిచారు. నచ్చినదాని మెడలో తిమ్మప్ప పచ్చ తోరం కట్టాలి.

వరుస మధ్యలో ఈరమ్మ నిలబడి ఉంది. మొగుడు పోయాక గొర్రెల మందను ఒంటిచేత్తో సాకుతున్న మనిషి. ఆమె పక్కన బూడిదరంగు జాగిలం, పేరు మబ్బు. తిమ్మప్ప దాని వీపు మీద చెయ్యి వేశాడు. వేసి అట్లాగే ఉండిపోయాడు. తోరం ఉన్న చెయ్యి దానంతటదే పైకి లేచింది.

అప్పుడే, ఎందుకో, గురువు ఏమంటాడోనని పక్కకు చూశాడు. గురువు అక్కడ లేడు. నాలుగడుగుల అవతల, పక్క పరగణా పెద్ద దేశాయిగారి తెల్ల జాగిలం ముందు నిలబడి ఉన్నాడు. కదలడం లేదు. పెదవుల మీద నవ్వులాంటిది ఏదో ఉంది.

తిమ్మప్ప మబ్బు మీంచి చెయ్యి తీసేశాడు. వెళ్లి తెల్లదాని మెడలో తోరం కట్టాడు.

ఇక చూడండి, ఇసుకలో ఉన్న మనుషులంతా రెండు ఊళ్లయ్యారు. "ఎద చూడప్పా, ఆ తెల్లదాని ఎద చూడు, పులికి కూడా లేదట్లాంటిది," అన్నారు కొందరు. "ఎద పెట్టుకుని ఏం జేస్తది, పల్లకి మోస్తదా? ఉరుకుడు చూడాల గానీ," అన్నారు మరికొందరు. వియ్యంకులు మాటలు మానేశారు. ఒకే పళ్లెంలో తినే అన్నదమ్ములు మూతులు తిప్పుకున్నారు. జన్మలో కుక్కను పెంచనివాళ్లయితే మరీ గట్టిగా అరిచారు.

అరవనిది ఈరమ్మ ఒక్కతే. పోబోతూ తిమ్మప్ప ముందు ఆగింది.

"అన్నా, దీని మీద చెయ్యి పెడితివి, తీస్తివి. ఎందుకు తీస్తివో చెప్పు, పోతా."

తిమ్మప్ప చెప్పాడు. నడుము గురించి, మూతి పొడవు గురించి, మెడ వంపు గురించి చాలాసేపు చెప్పాడు. తన మాటలు తనకే ఎంతో బాగున్నాయి. ఆమె అంతా విని, "సరేన్నా," అని జాగిలాన్ని తోలుకుని మంచులోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఇదంతా తకియాలో గురువుకు చెప్పుకున్నాడు.

"సాయంత్రం రాజావారు కంచె హుకుం మీద ముద్ర వేస్తారు బాబా. ఊరంతా నోటికొచ్చినట్టు అంటున్నారు. మీరు ఒక్క మాట చెప్తే అందరూ నోర్లు మూసుకుంటారు."

జమాల్ షా చాప మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. అంతా విని, పక్కనున్న నూనె గిన్నెను శిష్యుడి వైపు జరిపాడు.

"కొంచెం ఈ మోకాలికి రాయి బేటా."

తిమ్మప్ప గోరువెచ్చని నూనె చేతిలో పోసుకుని రాయడం మొదలుపెట్టాడు. మోకాలు వాచి ఉంది.

"ఎప్పటి నుంచి బాబా?"

"నిన్న పొద్దుగాల, ఆ జాగిలాల వరుసలో పట్టేసింది. తెల్లదాని ముందరికి వచ్చేసరికి అడుగు పడలే. అట్లనే నిలబడిపోయినా."

తిమ్మప్ప చేతులు ఆగిపోయాయి.

"మీరు నవ్వుతుంటిరి గద?"

"నవ్వా? నొప్పికి పళ్లు బిగబట్టినా."

నడుము, మూతి పొడవు, మెడ వంపు అంటూ ఈరమ్మకు తాను చెప్పిన ఒక్కొక్క మాటా తిమ్మప్ప చెవుల్లో మళ్లీ మోగింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. తల వంచుకునే అడిగాడు.

"మరి... మీకు ఏది నచ్చింది బాబా?"

"నాకా? చివర్న నిలబడిన ఎర్రది."

"ఎర్రదా!" తిమ్మప్ప తలెత్తాడు. "అది ఉరికేటప్పుడు వెనక కాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి బాబా! మీరు సరిగ్గా చూసినట్టు లేదు..."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. జమాల్ షా కోప్పడలేదు. కాలు కొంచెం దగ్గరికి లాక్కుని, "కళ్లు మూసుకో," అన్నాడు.

తిమ్మప్ప మూసుకున్నాడు.

"నువ్వు తోరం కట్టినావే, దాని కళ్లు ఏ రంగు?"

తిమ్మప్ప వెతికాడు. తెల్లగా ఏదో నిలబడి ఉంది. దానికి కళ్లు లేవు. దాని పక్కన గురువు మొహం మాత్రం ముడతలతో సహా స్పష్టంగా ఉంది.

"తెలియదు బాబా."

బయట ఎక్కడో మువ్వలు మోగుతున్నట్టనిపించింది. ఎవరూ అడగకుండానే తిమ్మప్ప మాట్లాడటం మొదలుపెట్టాడు.

"మబ్బు కళ్లు తేనె రంగు. ఎడమ కంటి కింద చిన్న నల్ల చుక్క ఉంది. నేను చెయ్యి పెడితే వణకలేదు, బరువు కూడా వెయ్యలేదు. చేతి కింద ఊపిరి తప్ప ఏమీ లేనట్టుండె. ఉరికి వచ్చినాక కూడా ఆ ఊపిరి తగ్గలేదు, పెరగలేదు. మంచులోంచి వచ్చేటప్పుడు మిగతావన్నీ తమ మనుషుల కోసం అటూ ఇటూ వెతికినయ్. అది వెతకలేదు బాబా. ఈరమ్మ ఎక్కడుందో దానికి తెలుసు. నేరుగా వచ్చింది..."

కళ్లు తెరిచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. జమాల్ షా నూనె గిన్నె మీద మూత పెడుతున్నాడు.

తిమ్మప్ప చేతులు తుడుచుకుని లేచాడు. తలపాగా సరిచేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"ముందు దేశాయిగారు దిగిన బిడారుకు. తీర్పు తప్పని ఆయనకు నేనే ఎదురుగా చెప్పాల. ఆ తర్వాత కోటకు పోతా, ముద్ర పడకముందే."

"ఆ తర్వాత నిన్ను ఇంకెవరూ తీర్పుకు పిలవరు."

"పిలవరు బాబా."

"దేశాయి మనుషులు ఊరుకోరు. నేను తోడు రావాల్నా?"

తిమ్మప్ప అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నాడు. బయట మంచు విడిపోతోంది, బిడారుకు పోయే బాట కొంచెం కొంచెంగా తేలుతోంది. అతను దాన్నే చూస్తున్నాడు.

"వద్దు బాబా," అన్నాడు వెనక్కి తిరగకుండానే.