జోగిరెడ్డి పొట్టి విల్లు

మామిడి పండగకి ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి. జోగిరెడ్డి చేతిలో ఉన్నదేమో ఇంకా విల్లు కాలేదు. అల్లెతాడు కట్టిన కర్ర, అంతే. దాన్ని మెల్లగా గుండెలదాకా లాగడం, మెల్లగా వదలడం. పొద్దుటినుంచీ అదే పని.

"ఎన్నయ్యాయిరా?" అన్నాడు గురువు చినపరెడ్డి, నోట్లోంచి చుట్ట తియ్యకుండానే.

"ఇరవై రెండు."

"ఇరవై ఒకటి."

"ఇరవై ఒకటైతేనేం, ఇరవై రెండైతేనేం తాతా?"

"అయితే మళ్ళీ ఒకటినుంచి లాగు."

జోగికి అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టాడు. ఏం చేస్తాడు పాపం, గరజు తనది.

ఊటమామిడి గోదావరి ఒడ్డున కొండల్లో ఇరవై గడపల ఊరు. మామిడి పండగనాడు అక్కడి మగవాళ్ళందరూ విల్లంబులతో వేటకి పోతారు. వేటలో ఒక్కో ఇంటికి ఒక్కో చోటు ఉంటుంది. జోగి వాళ్ళది వాగు మలుపులో రెండు బండల మధ్య. ఆ చోట నిలబడితేనే ఆ ఇంటికి వేటలో వాటా, నలుగురు కూర్చున్నప్పుడు మాట. వరసగా మూడేళ్ళు ఖాళీగా ఉంటే చోటు వేరే ఇంటికి పోతుంది. పైగా ఎవరి విల్లు వాళ్ళే చేసుకోవాలి. ఇంకొకరు చేసిన విల్లుతో నిలబడితే నిలబడనట్టే లెక్క.

జోగి తండ్రి గంగిరెడ్డి రెండేళ్ళ కిందట జ్వరంతో పోయాడు. ఆయన విల్లుని ఆయనతోనే మట్టిలో పెట్టారు. మొదటి ఏడు ఏడుపుల్లోనే గడిచింది. రెండో ఏడు జోగి లాంచీ మీద పనికి పోయి, వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాడు. ఆ వచ్చే ఏడు ఇదిగో, వచ్చేసింది.

"నీకు పెళ్ళి కాకపోయినా ఊరుకుంటాను నాయనా. మీ నాన్న చోట ఇంకొకడు నిలబడితే మాత్రం నా కళ్ళతో చూడలేను" అని తల్లి ముత్తెమ్మ ముందే చెప్పేసింది.

గంగిరెడ్డి బతికుండగా మూడు తడచెట్టు కర్రలు కొట్టి, పొయ్యి పైన అటక మీద పెట్టాడు. నాలుగేళ్ళు పొగ తాగి బాగా పదును పట్టిన కర్రలు. ఆ మూడూ భుజాన వేసుకునే జోగి చినపరెడ్డి దగ్గరికి వచ్చాడు. ఊళ్ళో సగం మందికి విల్లు చెయ్యడం నేర్పింది ఆ ముసలాయనే.

మొదటి కర్ర ఎలా పోయిందంటే, ఇంకా మందంగా ఉండగానే మనవాడు చెవిదాకా లాగేశాడు. ఫెళ్ళుమంది. రెండో కర్రకి ఒక కొమ్ము, అంటే ఒకవైపు సగం, గట్టిగా ఉందని గీకాడు. అప్పుడు అవతలి కొమ్ము గట్టిగా అనిపించింది. దాన్నీ గీకాడు. కోతి రొట్టె పంచినట్టు ఇటు కాస్త, అటు కాస్త గీకి గీకి చివరికి పేడు మిగిల్చాడు. పొయ్యిలో పెడితే అది కూడా సరిగ్గా మండలేదు.

ఇక మిగిలింది ఈ ఒక్క కర్ర. గంగిరెడ్డి చేత్తో కొట్టిన ఆఖరి కర్ర.

రెండో కర్ర పోయినరోజున చినపరెడ్డి ఏమీ అనలేదు. జోగి చేతిలో కత్తి తీసేసుకుని ఒక గాజుపెంకు ఇచ్చాడు.

"ఇదేంటి తాతా?"

"సీసాపెంకు."

"అది కనపడుతోంది. దీంతో ఏం చెయ్యాలి?"

"పట్టుకునే చోటుకి పైన ఉన్నది పై కొమ్ము, కింద ఉన్నది కింది కొమ్ము. ఏది బిగుసుగా ఉంటే దాన్ని లోపలివైపు ఏడుసార్లు గియ్యి. తరవాత ముప్పై సార్లు లాగు. కొయ్యకి తగిలించి ఇంటికి పో."

"మళ్ళీ ఎప్పుడు గియ్యాలి?"

"రేపు."

అంతే ఆ మనిషి. తాను మాత్రం ఎండకాలంలో చలేసినవాడిలా రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, అరుగు మీద చుట్ట పీలుస్తూ కూర్చుంటాడు. ఒకసారి ఇటియ్యరా చూద్దాం అని కర్ర అందుకున్న పాపాన పోలేదు. ఏడు గీతలకి రాలేది చిటికెడు పొట్టు. చీమలు కూడా పట్టించుకోవు. ఈ లెక్కన విల్లు తన మనవడి పండక్కి తయారవుతుందేమోనని జోగి గొణుక్కునేవాడు.

తొమ్మిది రోజులు ఆరు రోజులయ్యాయి.

"తాతా, ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు."

"ఆ పెద్దలెవరూ విల్లు చేసినవాళ్ళు కారు" అన్నాడు చినపరెడ్డి. లేచి, సొరకాయ బుర్ర చంకన పెట్టుకుని, జీలుగు కల్లు దింపుకు రావడానికి కొండెక్కాడు.

మిట్టమధ్యాహ్నం. అరుగు మీద ఎవరూ లేరు. కత్తి చూరులో దోపి ఉంది.

జోగి చాలాసేపు ఆగాడు. చాలాసేపంటే ఒక చుట్ట సగం కాలేంతసేపు. వాడికి అదే ఎక్కువ. తరవాత కత్తి తీశాడు. కొంచెమే, అనుకున్నాడు. తడకర్ర మీద కత్తి పడగానే ఇంత పొడుగు పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. ఇన్నాళ్ళ తరవాత పని అంటే పనిలా అనిపించింది. హాయిగా ఉంది వాడికి. ఈల కూడా వేశాడు.

ఒళ్ళో పొట్టు నిండాక ఆపి, అల్లెతాడు బిగించి లాగాడు. అది ఒక్క గుంజుకి చెవి దాటి వచ్చేసింది. చంటిపిల్లలు కూడా లాగేటంత మెత్తగా ఉంది. బాణం పెట్టి వదిలితే ఇరవై అడుగులు పోయి, అలిసిపోయినట్టు గడ్డిలో పడింది.

జోగి అక్కడే కూలబడ్డాడు. కత్తి చూరులో పెట్టి ఏమీ తెలియనట్టు కూర్చోవచ్చని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఒళ్ళో అంత పొట్టు పెట్టుకుని ఎవరిని నమ్మిస్తాడు?

చినపరెడ్డి కొండ దిగి వచ్చాడు. బుర్ర దించాడు. పొట్టు చూశాడు, కత్తి చూశాడు, కర్ర చూశాడు. అరుగెక్కి కూర్చుని చుట్ట ముట్టించుకున్నాడు.

"తిట్టు తాతా!" అన్నాడు జోగి. "తిట్టవేం?"

"తిడితే పొట్టు పోయి కర్రకి అతుక్కుంటుందా?"

అంతే, జోగికి ఎక్కడలేని కోపమూ ముంచుకొచ్చింది. తప్పు తనదని తెలిసినవాడి కోపం మరీ పెద్దది కదా.

"నెల దాటింది నేను వచ్చి! రెండు కర్రలు పోయాయి నీ కళ్ళముందే! ఒక్కదానికైనా ఇలా తేరా అని నాలుగు గీతలు గీశావా? చంకల్లో చేతులు పెట్టుకుని తమాషా చూశావు! నీ చేతిలో పడుంటే పది రోజుల్లో విల్లయ్యేది. నీకేం పోయింది తాతా? చోటు పోయేది మాకు! రేపు మా అమ్మ మొహం ఎలా చూడమంటావు?"

మోచేత్తో కళ్ళు తుడుచుకుని, కర్ర తీసి ముసలాయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇప్పుడైనా చెయ్యి వెయ్యి తాతా. నీ దండం పెడతాను. ఎవరికీ చెప్పను."

చినపరెడ్డి కర్ర వంక చూశాడు. చాలాసేపు చూశాడు. మునివేళ్ళు కొంచెం ముందుకి కదిలాయి కూడా. చటుక్కున లేచి లోపలికి పోయాడు. తిరిగొచ్చి ఒక చిన్న రంపం, ఒక బొగ్గుముక్క జోగి ముందు పడేశాడు.

"పై చివర జానెడు, కింది చివర జానెడు. గీతలు పెట్టు."

"కోసెయ్యడమా! పొట్టిదైపోదూ?"

"అవుతుంది."

"బిగుసు వస్తుందా?"

"పొట్టిదైతే బిగుస్తుంది."

జోగి ప్రాణం లేచి వచ్చింది. గబగబా గీతలు పెట్టాడు. రంపం అందుకున్నాడు.

"ముప్పై లాగు" అన్నాడు చినపరెడ్డి.

"ఇప్పుడా? ఇంకా ఇందులో ఏం మిగిలిందని లాగను తాతా! కోసేసి లాగుతాను!"

ముసలాయన చేతులు చంకల్లోకి పోయాయి. కళ్ళు మూసుకున్నాడు. ఇక ఆ మనిషితో మాట్లాడటం గోడతో మాట్లాడటమే.

జోగి రంపం విసిరికొట్టి విల్లు అందుకున్నాడు. ఒకటి. రెండు. మూడు. ఒక్కో అంకె ఒక్కో తిట్టులా అన్నాడు. పదికి తిట్లు అయిపోయాయి. పదిహేనుకి ఊపిరి నెమ్మదించింది. పదిహేడో పద్దెనిమిదో లాగుతుండగా చేతికి ఏదో తగిలినట్టయింది. ఆగి, మళ్ళీ మెల్లగా లాగాడు. కింది కొమ్ము ముందే వంగిపోతోంది. పై కొమ్ము బద్ధకంగా తరవాత వస్తోంది. మళ్ళీ లాగాడు. అవును. ఇంకోసారి లాగాడు, సందేహం తీరక.

ముప్పై ఎప్పుడు దాటిందో వాడికి తెలియలేదు. దాటాక కూడా లాగుతూనే ఉన్నాడు.

తరవాత విల్లు ఒళ్ళో పెట్టుకుని ఆలోచించాడు. రెండు చివర్లూ సమానంగా కోస్తే ఈ తేడా ఇలాగే ఉండిపోతుంది. బొటనవేలు తడిచేసి పై గీతని చెరిపేశాడు. నాలుగు వేళ్ళు చివరవైపుకి జరిపి కొత్త గీత పెట్టాడు. పైన తక్కువ పోతుంది, కింద ఎక్కువ పోతుంది.

తలెత్తి చూస్తే చినపరెడ్డి కళ్ళు తెరిచి ఉన్నాయి.

"నువ్వు చెప్పిన గీత మార్చాను తాతా. తప్పా?"

ముసలాయన చుట్ట ఎప్పుడో ఆరిపోయింది.

"విల్లు నీది" అన్నాడు.

మిగిలిన రోజులన్నీ ఏడు గీతలు, ముప్పై లాగుళ్ళు. ముత్తెమ్మ రోజూ సాయంత్రం, "అయిందా నాయనా?" అని అడిగేది. "అవుతోందమ్మా" అనేవాడు. విసుగు పోయిందని కాదు. లాగేటప్పుడు కొమ్ములు చూసుకోవాలి కాబట్టి విసుక్కోవడానికి తీరిక దొరకలేదు.

పండగనాడు తెల్లవారకముందే డప్పులు మోగాయి. కొత్త మామిడికాయలు గంగాలమ్మ ముందు రాశి పోశారు. విళ్ళన్నీ వరసగా నిలబెట్టారు. అన్నీ నుదుటిదాకా వచ్చే విళ్ళు. జోగిది ఛాతీ దాటలేదు.

"ఏరా జోగీ, మిగతా సగం అటక మీద మరిచిపోయావా?" అన్నాడొకడు. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ముత్తెమ్మ తల దించుకుంది.

జోగి చెవులు కాలాయి. ఊరి పెదకాపు రాజన్నరెడ్డి కర్రతో చూపించిన జీలుగు మొద్దుకి గురిపెట్టి, మెల్లగా లాగాడు. రెండు కొమ్ములూ కలిసి వంగాయి. వదిలాడు. బాణం మొద్దులో ఎంత లోతుకి దిగిందంటే, ఇద్దరు పట్టి గుంజితే గానీ రాలేదు.

నవ్వులు ఆగిపోయాయి. పెదకాపు విల్లు తీసుకుని కింద నుంచి పైదాకా చెయ్యి రాసి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఇది కొత్తవాడు చేసిన పని కాదు. ఇంత పొట్టి విల్లు ఇంత సమంగా వంగాలంటే ముదురు చెయ్యి ఉండాలి. నిజం చెప్పరా, ఎవరు చేశారు?"

"నేనే చేశాను" అన్నాడు జోగి.

జనం గుసగుసలాడుకున్నారు. ముందు రెండు కర్రలు ఎలా పోయాయో ఊరందరికీ తెలుసు. ఇంత చేసీ, బాగా చేసినందుకు చోటు పోయేలా ఉంది!

పెదకాపు చినపరెడ్డివైపు తిరిగాడు. "అమ్మవారి ముందు చెప్పు చినపన్నా. నీ మాటే మాకు మాట. పడలేదంటే వాడు పోయి వాళ్ళ నాన్న చోట నిలబడతాడు. దీనిమీద నీ చెయ్యి పడిందా?"

చినపరెడ్డి చుట్ట తీసి కింద పెట్టాడు. జోగివైపు చూశాడు. ఆ చూపులో, కర్ర ముట్టకుండా చేతులు చంకల్లో బిగబట్టుకు కూర్చున్న ఇన్నాళ్ళ విసుగూ ఉంది. జోగికి అది ఇప్పుడే కనపడింది.

"పడలేదు" అన్నాడు ముసలాయన. "నలభై విళ్ళు చేశాను నా బతుకులో. ఏ ఒక్కదానికీ నా ఒళ్ళు ఇంత హూనం కాలేదు."