గున్నమ్మ రాగి గంగాళం

నల్లరేగుల అడవిలో ఏనుగులు, జింకలు, అడవిపందులు, ఎలుగుబంట్లు కలిసి బతికేవి. ఆ అడవికి ఒక కొలిమి కూడా ఉండేది. అక్కడ సుత్తి పట్టేది కోరయ్య అనే అడవిపంది. తిత్తి ఊదేది గున్నమ్మ అనే ఎలుగుబంటి. ఏళ్లతరబడి ఊదినా గున్నమ్మ చేతికి సుత్తి మాత్రం రాలేదు.

ఆ వేసవిలో వాగు ఎండిపోసాగింది. నీళ్లు నిలవ చేసే గంగాళాల కోసం ఏనుగు పెద్దమ్మ రెండు రాగి రేకులు తెచ్చింది.

"ఒకటి నాకివ్వండి పెద్దమ్మా," అంది గున్నమ్మ.

"పాడుచేస్తే?" అంది పెద్దమ్మ.

"ఇక జన్మలో సుత్తి మాటెత్తను."

పెద్దమ్మ ఇద్దరికీ చెరొక రేకు ఇచ్చింది. కోరయ్య పగలబడి నవ్వాడు. తన రేకు ముందేసుకుని దబదబా బాదడం మొదలుపెట్టాడు.

గున్నమ్మ కాసేపు కొట్టి ఆగింది. రేకు మొండికేస్తోంది. మోత కీచుగా మారింది. ఆమె దాన్ని నిప్పుల మీద పెట్టింది.

"అప్పుడే అలసిపోయావా తల్లీ?" అన్నాడు కోరయ్య.

"నేను కాదన్నా, రేకు అలసింది. దెబ్బలకు లోపలి పలుకులు నలిగిపోయాయి."

"రాగికి పలుకులా! నీతో ఏం పలికిందేమిటి?"

"ఆ పలుకులు కావు. పటికబెల్లం విరిస్తే మెరుస్తాయే, అలాంటివి. సెగ తగిలితే, బాగా నలిగిన చోటే కొత్తవి పుడతాయి. పెరిగి పాతవాటి చోటు ఆక్రమిస్తాయి. రేకు మెత్తబడుతుంది."

"మెత్తదనం ఆడవాళ్ల జబ్బు. నా రేకు చూడు, దెబ్బ దెబ్బకీ గట్టిపడుతోంది. మా ఇంటావిడా అంతే. ఎంత చాకిరీ చేస్తే అంత గట్టిది!"

"గట్టిగా ఉందో, పగలడానికి సిద్ధంగా ఉందో ఎప్పుడైనా అడిగావా అన్నా?"

కోరయ్య ఇంకా జోరుగా బాదాడు.

రేకు కుంకుమరంగుకు రాగానే గున్నమ్మ బయటికి తీసింది. ఎక్కువసేపు ఉంచితే కొత్త పలుకులు లావెక్కి రేకు బలం తగ్గుతుంది. చల్లారాక కొట్టింది. ఈసారి రేకు మాట వింది. బిగిసినప్పుడల్లా కాల్చింది, చల్లార్చింది, మళ్లీ కొట్టింది.

ఆమె గంగాళం అంచు తిప్పుతుండగా పక్కనుంచి ఫట్‌మని వినిపించింది. కోరయ్య రేకు నిలువునా చీలిపోయింది.

గున్నమ్మ గంగాళంలో నీళ్లు పోస్తే చుక్క కారలేదు. జింకపిల్లలు మూతులు ముంచి తాగాయి.

"ఇక సుత్తి నీదే గున్నమ్మా," అంది ఏనుగు పెద్దమ్మ.

కోరయ్య చీలిన రేకును చంకన పెట్టుకుని వచ్చాడు.

"చెల్లీ, దీన్నీ కాస్త సెగలో పెట్టు. కొత్త పలుకులు పుడతాయన్నావుగా!"

"పుడతాయన్నా. చీలిక మాత్రం అతుక్కోదు. నువ్వు చీలకముందే రావాల్సింది."

నీతి: నలిగేవారి ఓర్పును పొగుడుతూ ఇంకా బాదేవాడికి చివరికి దక్కేది చీలికే, విరామం ఇవ్వదలిస్తే చీలకముందే ఇవ్వాలి.