గిన్నెకు బెజ్జం

కొండ కింది దర్గాలో బుడన్ తాతకి ఓబులేసు శిష్యుడై మూడేళ్లయింది. శాంతం గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం బాగానే నేర్చాడు. అవి ఊళ్లో చెప్పబోతేనే వచ్చింది చిక్కు.

ఆ పొద్దున తాత ముందు కూలబడ్డాడు. "నిన్న మా అన్న సుంకన్న తల పగలగొట్టారు తాతా. పైమడి తిప్పన్న పార తిరగేసి కొట్టాడు. తొమ్మిది కుట్లు. లేచి తిరగ్గలిగిన రోజున వాణ్ణి నరుకుతానంటున్నాడు మా అన్న. అన్నంత పనీ చేస్తాడు, ఆయన సంగతి నాకు తెలుసు. పగ వద్దని ఇద్దరికీ చెప్పి చూశాను. మా అన్న మొహం తిప్పుకున్నాడు. తిప్పన్న నాకూ ఒకటి తగిలించాడు. ఈ మనుషుల మనసుల్లో విషం ఎప్పటికి పోతుంది?"

తాత విషం ఊసెత్తలేదు. "ఎందుకు కొట్టుకున్నారు?" అన్నాడు.

"నీళ్ల వంతు కోసం. ఊట కాలువ ఒక్కటే కదా. మధ్యాహ్నం దాటి మనిషి నీడ ఏడడుగులు సాగేదాకా పైమడికి, ఆ తర్వాత పొద్దు కుంకేదాకా మాకు. పెద్దల నాటి కట్టుబాటు."

"మరి నిన్న ఏమైంది?"

"మబ్బు పట్టింది. చినుకు రాల్చే మబ్బు కూడా కాదు, ఊరికే మూసుకుంది. నీడ ఎక్కడిది? వంతు అయిపోయిందని మా అన్న, కాలేదని తిప్పన్న."

"ఎండ కాసిన రోజునో?"

ఓబులేసు నసిగాడు. "ఎండ కాస్తే ఏముంది తాతా, గట్టు మీద కూర్చుని ఒకే ముంతలో మజ్జిగ తాగుతారు."

తాత లోపలికి పోయి దబ్బనం, సుత్తి తెచ్చాడు. నలభై ఏళ్లుగా తాను బిచ్చమెత్తుకుని తింటున్న రాగిగిన్నెను బోర్లించి, అడుగున సన్నటి బెజ్జం కొట్టాడు. ఓబులేసు ప్రాణం ఉసూరుమంది.

"అదేంది తాతా, ఇక అందులో గంజి నిలుస్తుందా?"

"నాకు చేతులున్నాయిలే," అని తాత గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలాడు. నీళ్లు నిదానంగా లోపలికి ఊరాయి. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి గిన్నె నిండి మునిగింది.

"ఎవరి వంతు ఎన్ని మునకలో ఎండ రోజున లెక్కపెట్టుకోండి. ఆపైన మబ్బు పడితే పట్టనీ. పట్టుకుపో."

నాలుగు నెలల తర్వాత ఓబులేసు మళ్లీ వచ్చాడు. మొహం తేటపడింది.

"ఒక్కసారే గొడవైంది తాతా. మా వంతు తొందరగా తీరాలని తిప్పన్న బావమరిది గిన్నెను వేలితో నొక్కి ముంచాడు. అరుచుకున్నారు గానీ పార ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు అటో ముసలాయన, ఇటో ముసలాయన గిన్నె వేసిన తొట్టి దగ్గర కాపలా. పొద్దస్తమానం పులిజూదం ఆడుకుంటూ కూర్చుంటున్నారు."

తాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఒక్కటే కొరత," అన్నాడు ఓబులేసు. "మా అన్న మనసు మారలేదు. ఇప్పటికీ తిప్పన్న మొహం చూడడు."

తాత దోసిట్లో గంజి జుర్రుకుని, మోచేతి దాకా కారినదాన్ని తుడుచుకున్నాడు.

"చూడకపోతే పోనీలే. గిన్నెను చూస్తున్నాడు కదా."